వదిన లెక్కల పుస్తకాన్ని ప్రోగ్రాముగా మార్చే పని: గద్వాల నుంచి ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

గద్వాలలో మాది తాతల నాటి చీరల దుకాణం. కొన్నేళ్ల క్రితం వదిన పట్టుబట్టి ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి రాత్రి భోజనాలయ్యాక ఆమె గంటన్నర సేపు ఫోను పట్టుకుని, పక్కన పొడవాటి లెక్కల పుస్తకం తెరుచుకుని కూర్చోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. మాలాగే గద్వాల చీరలు అమ్మే ఐదు దుకాణాల పేజీలను ఆమె వరుసగా తిరగేస్తుంది. కొత్తగా ఏ చీర పెట్టారు, దేని ధర దించారు, ఏది అమ్ముడుపోయింది అన్నది చూసి రాసుకుంటుంది. ఆషాఢం తగ్గింపులు మొదలైతే ఈ పని రెండింతలవుతుంది. శ్రావణం వచ్చేసరికి పార్సిళ్లు కట్టడానికే పొద్దు చాలక పుస్తకం మూతపడుతుంది. పోటీదారుల సంగతి అన్నిటికన్నా ఎక్కువగా తెలియాల్సిన నెలలోనే మాకు ఏమీ తెలియకుండా పోతోంది.

హైదరాబాదులో నా ఉద్యోగం ప్రోగ్రాములు రాయడమే. శని, ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు ఈ గంటన్నర పనిని యంత్రానికి అప్పగించాలని నిర్ణయించుకున్నాను. మొదట వదిన పుస్తకాన్ని శ్రద్ధగా చదివాను. ఒక్కో పేజీలో ఆరు గడులున్నాయి: దుకాణం, చీర వివరం, ధర, కొట్టేసి చూపిన పాత ధర, చూసిన తేదీ, చివరన "ఎన్నాళ్లు" అనే గడి. అదేమిటని అడిగితే, "పెట్టిన నాటి నుంచి ఎన్ని దినాలకు పోయిందో రాస్త. అన్నిటికీ రాయనీకి తీరదు, అందుకే సగం ఖాళీ" అంది. సగం ఖాళీగా ఉన్న గడి గురించి తర్వాత చూడవచ్చనుకుని, మిగిలిన ఐదింటితోనే చిన్న డేటాబేసు అయిన ఎస్‌క్యూలైట్‌లో పట్టిక తయారు చేశాను. ఈ నిర్ణయం ఎంత తప్పో ఏడో వారంలో గాని తెలియలేదు.

దుకాణాల పేర్లు ఇక్కడ రాయను. వాటిని అ, ఆ, ఇ, ఈ, ఉ అని పిలుస్తాను. అ, ఆ రెండూ షాపిఫై అనే, సిద్ధంగా దొరికే ఆన్‌లైన్ దుకాణాల వేదిక మీద నడుస్తున్నాయి. ఇ దుకాణానిది అలాంటిదే మరొకటి, వూకామర్స్. 'ఈ' దుకాణం వెబ్‌సైటును సొంతంగా రాయించుకుంది. ఉ దుకాణానికి అసలు వెబ్‌సైటే లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ, వాట్సాప్‌లో ధర, వ్యాపారమంతా అంతే.

మొదటి వారం

ప్రోగ్రాము ఒక్క వరుస కూడా రాయకముందే, ఏమేమి చేయకూడదో కాగితం మీద రాసుకున్నాను. వెబ్‌సైట్లు తమ మూలంలో రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలు ఉంచి, యంత్రాలు ఏయే పేజీల జోలికి రావచ్చో, వేటి జోలికి రాకూడదో అందులో చెబుతాయి. 1994లో మార్టెయిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి ఇరవై ఎనిమిదేళ్ల పాటు కేవలం మర్యాద మీద నడిచి, 2022లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9309గా లిఖిత ప్రమాణమైంది. అయినా అది తాళం కాదు. గుమ్మానికి తగిలించిన పలక లాంటిది. దాన్ని చదవడానికి నేను వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లోనే మాడ్యూల్ ఉంది కాబట్టి, ప్రతి రాత్రీ ముందు ఆ ఫైలును చదివి, అనుమతి ఉన్న పేజీలను మాత్రమే తెరిచేలా రాశాను.

'ఈ' దుకాణం తన చీరల పేజీలన్నింటినీ యంత్రాలకు నిషేధించింది. ప్లేరైట్ వంటి సాధనంతో బ్రౌజరును నడిపించి, మనిషే చూస్తున్నట్టు నటిస్తూ ఆ పేజీలను తెరవడం కష్టమేమీ కాదు. కానీ వద్దన్న ఇంటికి వేషం మార్చుకుని వెళ్లడం నాకు సమ్మతం కాదు, మా వెబ్‌సైటు మీద ఎవరైనా అలా చేస్తే ఊరుకోను కూడా. ఉ దుకాణం ఉన్న ఇన్‌స్టాగ్రామ్ సైతం అనుమతి లేని యంత్ర సేకరణను తన నిబంధనల్లోనే కాదంది. కాబట్టి 'ఈ', 'ఉ' రెండింటినీ వదినే చూస్తుంది. చూసిన దాన్ని పుస్తకంలో కాకుండా, సందేశాలను తానే అందుకునేలా నేను పెట్టిన టెలిగ్రామ్ బాట్‌కు ఒక వరుసగా పంపిస్తుంది. ఐదు దుకాణాల్లో మూడే యంత్రానికి చిక్కాయన్నది మొదటి వారంలోనే తేలింది. గంటన్నర పని పావుగంటకు తగ్గినా లాభమే కదా అనుకుని ముందుకు సాగాను.

మిగిలిన నిషేధాలు ఇవి. లాగిన్ అడిగే ఏ పేజీలోకీ వెళ్లకూడదు, ఎందుకంటే అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది. చీరల ఫొటోలను దించుకుని మా దగ్గర దాచుకోకూడదు. అవి తీసినవారి హక్కు. కొనుగోలుదారులు రాసిన అభిప్రాయాల కింద ఉండే పేర్లను ముట్టుకోకూడదు, ఆ పేర్లతో మాకు పనే లేదు. చివరిది అన్నకు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. అంగడి ముందు పెట్టిన ధరను చదవడం తప్పు కాదు. చదివిన తర్వాత అవతలి సేటుకు ఫోను చేసి ఇద్దరం ఇంతకు తగ్గకుండా అమ్ముదామని మాట అనుకుంటే, అది 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షను నిషేధించిన ఒప్పందమవుతుంది. "మనం ఊరోళ్లం, మాట్లాడుకుంటే ఏమైతది?" అని అన్న అడిగాడు. ఊరివాళ్లకు ఆ చట్టంలో మినహాయింపు లేదు.

రెండో శని, ఆదివారాలు

షాపిఫై దుకాణాలు చాలావరకు ప్రోడక్ట్స్ డాట్ జేసన్ అనే చిరునామాలో తమ సరుకు జాబితాను యంత్రం చదవగలిగే రూపంలో ఇస్తాయి. ఒక పేజీకి గరిష్ఠంగా 250 సరుకులు వస్తాయి. పేరు, ధర, పాత ధర, ప్రచురించిన సమయం, దొరుకుతోందా లేదా అన్న సూచన, అన్నీ విడివిడి గడుల్లో ఉంటాయి. అ, ఆ దుకాణాల పని ఒక్క పూటలో అయిపోయింది. పేజీ పేజీకి పది సెకన్ల విరామం, రాత్రి రెండు గంటలకు మాత్రమే సందర్శన, మా ఈ-మెయిలు చిరునామాను వచ్చింది ఎవరో అవతలి వెబ్‌సైటుకు చెప్పే యూజర్ ఏజెంటు వరుసలో బాహాటంగా రాయడం, "చాలా ఎక్కువ అడుగుతున్నావు" అని చెప్పే 429 సంకేతం వస్తే ఆ రాత్రికి ఆ దుకాణాన్ని వదిలేయడం, ఇవి నేను పెట్టుకున్న పద్ధతులు.

ఇ దుకాణం దగ్గర పరువు పోయింది. వూకామర్స్ కూడా సరుకు జాబితాను జేసన్ రూపంలో ఇస్తుంది గాని, అందులో ధర రూపాయల్లో కాక పైసల్లో ఉంటుంది. చివరి ఎన్ని అంకెలు పైసలో పక్కనే మరో గడిలో చెబుతుంది. నేను ఆ గడిని చదవలేదు. ఆదివారం పొద్దున టెలిగ్రామ్‌లో మొదటి నివేదిక వచ్చింది: ఇ దుకాణంలో కొత్త సీకో (పట్టు, నూలు కలిపి నేసిన) చీర, ధర 8,50,000 రూపాయలు. నాయన కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఎనిమిదిన్నర లక్షల చీర మనం ఎందుకు నేయిస్తలేమురా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

అదే రోజు సాయంత్రం అందుకు పూర్తి వ్యతిరేకమైన తప్పు బయటపడింది. వదిన ఉ దుకాణం ధరను "రూ.8,500" అని బాట్‌కు పంపింది. అంకెలు, చుక్క తప్ప మిగతా అక్షరాలన్నీ తీసేయమని నేను రాసిన సూత్రం "రూ" తీసేసి, దాని వెనక చుక్కను అలాగే ఉంచి, కామాను తొలగించి, మిగిలిన ".8500"ను దశాంశ సంఖ్యగా చదివింది. అంటే ఉ దుకాణం చీరను 85 పైసలకు అమ్ముతోంది. రెండు తప్పులనూ ఆపడానికి ఒకే అడ్డుకట్ట వేశాను. మా రకం చీర ఐదు వందల లోపు గాని, రెండు లక్షల పైన గాని ఉండదు. ఆ హద్దు దాటిన ధర పట్టికలోకి వెళ్లకుండా "పరిశీలించాలి" అనే గదిలో ఆగుతుంది. హద్దులు ఎంత పెట్టాలన్నది నాయన చెప్పాడు. ఆ అంకెలు నా చదువులో దొరికేవి కావు.

మూడో వారం

ప్రోగ్రాము దుకాణంలోని పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తోంది. రాత్రి షట్టరు దించేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపడం మా దుకాణంలో ముప్పై ఏళ్ల అలవాటు. బ్యాటరీ రాత్రి రెండింటి దాకా ఆగక, వారంలో నాలుగు రాత్రులు ప్రోగ్రాము నడవలేదు. అలవాటు మార్చమని అడగడం కన్నా, యంత్రం మళ్లీ మేల్కొనగానే తప్పిపోయిన పనిని చేసే సిస్టమ్‌డీ టైమరును పెట్టుకోవడం తేలికనిపించింది. ఇప్పుడు పొద్దున దుకాణం తెరిచిన పది నిమిషాలకు నివేదిక వస్తుంది.

'ఆ' దుకాణం జాబితాలోని సమయాలు అమెరికా గడియారం ప్రకారం ఉన్నాయి. షాపు తెరిచినప్పుడు ఎవరూ ఆ సెట్టింగును మార్చినట్టు లేదు. సమయాలన్నింటినీ భారత కాలమానంలోకి మార్చి దాస్తున్నాను.

మూడో ఆదివారం నుంచి నాలుగో ఆదివారం దాకా

ధరలు వస్తున్నాయి. ఇక పోల్చడమే మిగిలిందని అనుకున్నాను గాని, అసలు పని ఇక్కడే మొదలైంది.

ఫోను దుకాణమైతే ఒకే మోడలు ఐదుచోట్ల ఐదు ధరలకు ఉంటుంది, పోలిక నిమిషంలో తేలిపోతుంది. మగ్గం చీరకు మోడలు నంబరు ఉండదు. ఒకే పడుగు మీద నేసిన నాలుగు చీరలు కూడా కొంగు రంగు మారితే నాలుగు వేర్వేరు సరుకులు. కాబట్టి చీరకు చీరను కాక, తరగతికి తరగతిని పోల్చాలి. ఏ తరగతులన్నది తేల్చుకోవడానికి మాకు రాజోలి నుంచి సరుకు తెచ్చే పెద్దాయనను కూర్చోబెట్టుకున్నాను. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. నేను ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపిస్తుంటే, ఆయన ధర వైపు కన్నెత్తి చూడకుండా ప్రతిసారీ ఒకటే అడిగాడు: "అంచు దగ్గర పెద్దగ జెయ్."

గద్వాల చీర గొప్పతనం ఆ కలిసే చోటే ఉంది. బాడీ నూలుది, అంచు, కొంగు పట్టువి. రెండింటి పేకలను ఒకదానితో ఒకటి కొక్కెంలా మెలివేసి కలుపుతారు. దీన్ని కుట్టు అంటాం, సూదితో కుట్టే పని మాత్రం కాదు. రెండు అంచులకూ, బాడీకీ వేర్వేరు నాడెలు నడవాలి, అందుకే ఇద్దరు కూర్చుని నేయాల్సి వస్తుంది. అలా నేసినప్పుడు బాడీ పేక అంచులోకి పోదు కాబట్టి అంచు రంగు తన రంగులోనే స్వచ్ఛంగా నిలుస్తుంది. ఒకే పేకను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తే బాడీ రంగు అంచులో తొణికి, ఎరుపు అంచు పసుపు బాడీ పక్కన కాస్త నారింజగా కనబడుతుంది. పెద్దాయన చూసింది ఆ తొణుకునే. అ దుకాణంలో "గద్వాల" పేరుతో రెండు వేల లోపు ధరకు ఉన్న చీరలను వరుసగా చూసి, "ఇవి మగ్గం మీదివి గావురా" అన్నాడు. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985లోనే చట్టం వచ్చింది, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా వెతుకులాటలో "గద్వాల" అని కొడితే ముందు కనిపించేది అవే.

ఇంతవరకు వదినను కలవరపెట్టిన ధరల్లో పెద్ద భాగం ఈ సరుకుదేనని ఆ పూట అర్థమైంది. మేము ఎవరితో పోటీ పడటం లేదో తెలియకుండా, వాళ్ల ధరలను చూసి మా ధరల గురించి దిగులు పడుతున్నాం.

పెద్దాయన చెప్పిన దాన్ని మూడు ప్రశ్నలుగా కుదించాను: బాడీ నూలా, సీకోనా, పట్టా, అంచు కుట్టుదా కాదా, జరీ వెండిదా, లేక దానికన్నా చౌక రకాలైన హాఫ్ ఫైనా, టెస్టెడా. వీటికి జవాబులను చీర పేరులోంచి, వివరణలోంచి వెతికి తీసే నిఘంటువు ఒకటి రాశాను. రోమన్ లిపిలో కుట్టు అంచుకే మరో పేరైన కుప్పడం అన్న ఒక్క మాటనే మూడు దుకాణాలు నాలుగు తీరులుగా రాశాయి. తెలుగులో రాసిన చోట మరో చిక్కు ఎదురైంది. "గద్వాల్" అన్న మాటకు చివర అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. అక్షరాలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ సాధారణీకరణ ఆ గుర్తును తీసివేయదు, దాన్ని విడిగా తొలగించాలి. ఈ సంగతి కనిపెట్టడానికి ఒక శనివారం రాత్రంతా పోయింది.

మధ్యలో చీరల వివరణలను చాట్‌జీపీటీ లాంటి ఒక భాషా నమూనాకు ఇచ్చి తరగతులు చెప్పమన్నాను. బాడీ సంగతి చక్కగా చెప్పింది. జరీ గురించి ఏమీ రాయని చీరలకు కూడా ధరను బట్టి ఊహించి, ఏమాత్రం తడుముకోకుండా "వెండి జరీ" అని రాసింది. మేము ధరను అర్థం చేసుకోవడానికే జరీని వెతుకుతుంటే, అది ధరను చూసి జరీని చెబుతోంది. దాన్ని మానేసి నిఘంటువుకే తిరిగి వచ్చాను. జవాబు దొరకని గడిలో "తెలియదు" అని రాస్తున్నాను, అలాంటి చీరలు పోలికలోకి రావు. ఒక తరగతిలో ఐదు చీరలకన్నా తక్కువ ఉంటే ఆ తరగతికి ధర ప్రకటించను. సగటును కాక మధ్యగతాన్ని (ధరలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేదాన్ని) తీసుకుంటున్నాను, ఒక్క పెళ్లి పట్టుచీర వచ్చి మొత్తం లెక్కను పైకి లాగకుండా.

నాలుగో వారం, గురువారం

మూడు రోజులుగా నివేదిక రాలేదు. మార్పులేమీ లేవేమోనని వదిన అనుకుంది, నేను కూడా అలాగే అనుకున్నాను. గురువారం రాత్రి హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. సోమవారం 'ఆ' దుకాణం వెబ్‌సైటు ఏదో మరమ్మతులో ఉండి, అంతా సవ్యమే అనే 200 సంకేతంతో పాటు ఖాళీ జాబితాను ఇచ్చింది. నా ప్రోగ్రాము దాన్ని నమ్మి, ఆ దుకాణంలోని మూడు వందలకు పైగా చీరలు ఒక్క రాత్రిలో అమ్ముడుపోయాయని తేల్చి, వాటన్నిటి పేర్లతో సందేశం తయారు చేసింది. టెలిగ్రామ్ ఒక సందేశంలో 4,096 అక్షరాలకు మించి తీసుకోదు. సందేశం వెళ్లలేదు, ఆ తప్పుతో ప్రోగ్రామే ఆగిపోయింది, మర్నాడూ అదే జరిగింది.

ఒక తప్పు మరో తప్పును దాచిపెట్టింది. మొదటి దానికి: ఒక దుకాణం జాబితా నిన్నటికన్నా మూడో వంతుకు మించి తగ్గితే, ఆ రోజు లెక్కను నమ్మకుండా మూడు గంటల తర్వాత మళ్లీ చూడాలి. రెండో దానికి: మార్పు ఉన్నా లేకపోయినా ప్రతి పొద్దునా ఒక వరుస రావాలి, "మూడు దుకాణాలు చూశాను, ఇన్ని చీరలు లెక్కించాను" అని. ఆ వరుస రాని రోజు ఏదో తప్పు జరిగిందన్నమాట. సందేశం లేకపోవడాన్ని మంచి వార్తగా తీసుకోవడం నా ఉద్యోగంలో మొదటి రోజే మానుకోవాల్సిన అలవాటు, ఇంటి పని కదా అని ఇక్కడ చూసీ చూడనట్టు వదిలేశాను.

ఐదో, ఆరో వారాలు

ఆషాఢం తగ్గింపులు మొదలయ్యాయి. రోజూ దాచిన ధరల చరిత్ర విలువ ఇప్పుడు తెలిసింది. అ దుకాణం "నలభై శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టి, పాత ధర 14,500 కొట్టేసి 8,700 చూపించింది. మా పట్టికలో అదే చీర మూడు వారాల క్రితం 8,900. పాత ధర అనే గడి తగ్గింపు మొదలైన రోజే పుట్టింది, అంతకుముందు రోజు వరకు ఖాళీ. అలా అ దుకాణంలో తగ్గించినట్టు చూపిన చీరల్లో నిజంగా ధర దిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. "ఒక్కటే మిగిలింది, త్వరపడండి" అనే మాట ఒక చీర పక్కన పదకొండు రోజులు అలాగే ఉంది. ఇలాంటి లేని తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో విడుదల చేసిన, కొనేవారిని మభ్యపెట్టే ఎత్తులకు సంబంధించిన డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాల్లో నిషిద్ధ పద్ధతిగా చేర్చింది.

గత ఆషాఢంలో ఇదే బోర్డు చూసి అన్న మా పట్టు అంచు నూలు చీరల మీద వెయ్యి రూపాయలు తగ్గించాడు. నేతగాళ్లకు ఇచ్చే మజూరీ అప్పటికే ఇచ్చేశాం, పట్టు, జరీ కొనేశాం, కాబట్టి ఆ వెయ్యీ నేరుగా మా లాభంలోంచే పోయింది. ఈసారి పట్టికను చూపించాను. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ధరలు దించలేదు.

పాత ధరను నిన్నటి వరకు మా పట్టికలో ఉన్న నిజమైన ధరతో పోల్చి, "నిజమైన తగ్గింపు", "బోర్డు తగ్గింపు" అని విడదీసే పనిని ప్రోగ్రాముకు చేర్చాను. ఎనిమిది వరుసల కోడ్, అంతకు మించి లేదు. ఇప్పటివరకు ఇందులో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ ఎనిమిది వరుసలే.

ఏడో ఆదివారం

వదిన నివేదిక చదివి ఫోను పక్కన పెట్టి, "అంత బాగుంది గానీ, ఏది పోతుందో ఇది చెప్తలేదు" అంది. ధర ఎంతో తెలిస్తే సగమే తెలిసినట్టు. ఆ ధరకు జనం కొంటున్నారో లేదో తెలియకపోతే అది అమ్మేవాడి ఆశ మాత్రమే. పాత పుస్తకం తెరిచి చివరి గడి చూపించింది. "ఎన్నాళ్లు."

మొదటి ఆదివారం నేను పక్కన పెట్టింది దాన్నే. అదృష్టం ఏమిటంటే రోజువారీ జాబితాలను చెరపకుండా అన్నీ దాచాను, కాబట్టి ఏ చీర ఏ రోజు మొదట కనిపించిందో, ఏ రోజు "దొరకదు" అని మారిందో వెనక్కి వెళ్లి లెక్కగట్టవచ్చు. సాయంత్రానికి తరగతి వారీగా సగటు రోజులు తీశాను. సీకో చీరలు సగటున ఆరు రోజుల్లో పోతున్నాయని వచ్చింది. వదిన నమ్మలేదు, "ఆరు దినాల్లో పోతే వాళ్లు ఆషాఢంల ఎందుకు బోర్డు కడ్తరు?" అంది.

ఆమె అనుమానమే సరైనది. నేను అమ్ముడుపోయిన చీరలకు మాత్రమే సగటు తీశాను. పది చీరల్లో నాలుగు మూడు, ఐదు, ఆరు, పది రోజుల్లో పోయాయనుకుందాం. సగటు ఆరు రోజులు. కానీ మిగిలిన ఆరు చీరలు నలభై రోజులుగా అలాగే ఉన్నాయి. వాటి సంగతి ఆ సగటులో లేనే లేదు. వదిన పుస్తకంలో సగం గడులు ఖాళీగా ఉన్నది ఇందుకే, ఆ ఖాళీలు కూడా సమాచారమే. రోగులపై జరిగే అధ్యయనాల్లో, పరిశీలన ముగిసేనాటికి ఇంకా బతికి ఉన్నవారిని ఎలా లెక్కించాలన్న ఇదే ప్రశ్నకు 1958లో కాప్లాన్, మేయర్ ఇద్దరూ పద్ధతి చెప్పారు. ప్రతి రోజూ, ఆ రోజు పొద్దున ఇంకా అరలో ఉన్న చీరల్లో ఎన్నో వంతు ఆ రోజు పోకుండా నిలిచిందో చూడాలి, ఆ వంతులను వరుసగా గుణించుకుంటూ పోవాలి. అప్పుడు నిలిచి ఉన్న చీర కూడా నిలిచి ఉన్నంత కాలం లెక్కలో ఉంటుంది. పైథాన్‌లో ఇరవై వరుసల్లో రాశాను. సీకోకు వచ్చిన జవాబు "ఇంకా సగం పోలేదు" అని.

మాయమైన ప్రతి చీరా అమ్ముడుపోయినట్టు కాదు. కొన్ని నాలుగైదు రోజులకు తిరిగి కనిపిస్తాయి. డబ్బు డెలివరీ రోజున ఇస్తామని ఆర్డరు చేసి, పార్సిలు వచ్చాక వద్దన్నవి అవే అయి ఉంటాయి, మాకూ వారానికి రెండు మూడు అలా తిరిగి వస్తాయి. పది రోజుల్లోగా తిరిగి కనిపించిన చీరను అమ్ముడుపోయిన వాటిలోంచి తీసేస్తున్నాను. జాబితాలోంచి పేజీతో సహా పోయిన వాటిని "దొరకదు" అని మారిన వాటితో కలపకుండా విడిగా ఉంచుతున్నాను. అవతలి దుకాణం కౌంటరు మీద అమ్మి ఇక్కడ తీసేసినా మాకు తేడా లేదు, ఎలాగైనా కొన్నారు కదా.

శ్రావణం, ఆగస్టు 7 తర్వాత

1905 నాటి స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం జరుపుకునే రోజు ఆగస్టు 7. ఆ వారంలో మూడు దుకాణాలూ ధరలు దించాయి, ఈసారి నిజంగానే. మేము దించలేదు. ప్రోగ్రాము ధరలు తానే మార్చే ఏర్పాటు చేయమని అన్న అడిగాడు గాని, నేను ఒప్పుకోలేదు. మా చీర ధర రెండు నెలల క్రితం ఇచ్చిన మజూరీతో, ఆనాటి జరీ ధరతో ముడిపడి ఉంటుంది. 2025లో కిలో వెండి లక్షన్నర దాటినప్పుడు వెండి జరీ చీర ఖర్చు ఎంత పెరిగిందో పక్క దుకాణం జాబితాను చూసే యంత్రానికి తెలియదు.

రెండు నెలల లెక్కలో తేలింది ఇది. ఆరు నుంచి ఏడున్నర వేల మధ్య ధర ఉన్న, చిన్న కుట్టు అంచు నూలు చీరల్లో సగం, మూడు దుకాణాల్లోనూ రెండు వారాల్లోపే పోయాయి, తగ్గింపు లేకుండానే. పెద్ద అంచు సీకోలు బోర్డులు కట్టినా నిలిచే ఉన్నాయి. మేము ఈ ఏడు నేయించిన వాటిలో మూడింట రెండు వంతులు పెద్ద అంచువే. నాయన రాజోలి పెద్దాయనకు ఫోను చేసి, కార్తీకానికి వేసే పడుగుల్లో సగం చిన్న అంచుకు మార్చగలరా అని అడిగాడు. అంచు డిజైనును మగ్గానికి చెప్పే జాకార్డు అట్టలు మార్చాలి, వారం పడుతుంది, మజూరీ తగ్గకూడదు అన్నాడాయన. నాయన సరేనన్నాడు.

నిన్నటి ఆదివారం

వదిన రాత్రి పని ఇప్పుడు ఇరవై నిమిషాలకు వచ్చింది, 'ఈ', 'ఉ' దుకాణాలను చూసేంత సేపు. ఇ దుకాణం గత వారం తన వెబ్‌సైటును మార్చింది. పాత చిరునామాలు పనిచేయడం లేదు, కాబట్టి పాత చీరలన్నీ పోయి కొత్తవి వచ్చినట్టు ప్రోగ్రాము అనుకుంటోంది. ఇ దుకాణం రోజుల లెక్కను నిలిపివేశాను. పేరు, ధర, తరగతి మూడూ సరిపోలితే పాత చీరే అని గుర్తించే పద్ధతి రాయాలి.

భోజనాలయ్యాక చూస్తే లెక్కల పుస్తకం మళ్లీ తెరిచి ఉంది. యంత్రం చూస్తోంది కదా, మళ్లీ ఎందుకని అడిగాను. వదిన పుస్తకాన్ని నా వైపు తిప్పింది. "ఎన్నాళ్లు" పక్కన ఏడో గడి గీసి పైన "రంగు" అని రాసి ఉంది. ఆవపువ్వు పసుపు ఎక్కడ పెట్టినా మూడు రోజులకు మించి నిలవడం లేదట. రంగు మాట చీర పేర్లలో ఉంటుంది గాని, ఒక్కో దుకాణం పసుపుకు ఏడెనిమిది పేర్లు వాడుతోంది. వచ్చే శనివారం నిఘంటువులో రంగుల పని.